మోకాలు మార్చిన తరువాత చీము పడితే: మాత్ర కంటె ముందు పరీక్ష

ఆరేళ్ళ కిందటి మాట. మా అక్కయ్యకు అప్పటికి డెబ్బైమూడేళ్ళు. కుడి మోకాలి కీలు పూర్తిగా అరిగిపోయి ఇంట్లో నాలుగడుగులు వేయటమే కష్టమైపోతే, నగరంలోని ఒక ఆసుపత్రిలో కృత్రిమ కీలు అమర్చారు. నాలుగవ రోజున ఇంటికి పంపారు. పన్నెండవ రోజున ఆమె నాకు ఫోను చేసింది.

“ఒరే తమ్ముడూ, కుట్ల కింద కొంచెం తడి తగులుతోందిరా. కట్టుగుడ్డకు పసుపుపచ్చగా అంటుతోంది. జ్వరం లేదు. ఆసుపత్రికి పోవాలంటే నూట ఇరవై కిలోమీటర్లు, కారు మాట్లాడాలి. ఏం చేయమంటావు?”

నేను ప్రభుత్వ ఆసుపత్రులలో ముప్పైనాలుగేళ్ళు పనిచేసిన వైద్యుణ్ణి. ఎముకల నిపుణుణ్ణి కాను గాని, పుండ్లు, గడ్డలు, చీము నాకు కొత్తవి కావు. “కంగారుపడకు అక్కా, ఐదు రోజులు ఈ మాత్రలు వేసుకో, ఆరిపోతుంది” అని ఒక యాంటీబయాటిక్ పేరు చెప్పాను. నాలుగు రోజులలో ఆరిపోయింది. ఆమె సంతోషించింది. నేనూ సంతోషించాను.

ఆరినది పైచర్మం మాత్రమే. రెండు నెలలు తిరిగేసరికి తగ్గిన నొప్పి మళ్ళీ మొదలైంది. రాత్రులు నిద్ర పట్టేది కాదు. ఊరిలో ఇంకెవరో ఇంకొక రకం మాత్రలు ఇచ్చారు. చివరకు మచ్చ పక్కన చిన్న కురుపు లేచి, పగిలి, చీము కారింది. అప్పుడు ఆసుపత్రికి తీసుకువెళితే, అమర్చిన కీలును పూర్తిగా తీసివేయక తప్పదన్నారు. తరువాతి సంగతులు చివర చెబుతాను. ఆ రోజు ఫోనులో నేను చేసింది తప్పు. ఈ వ్యాసం ఆ తప్పు గురించే. ఇటువంటి తప్పును మన రాష్ట్రాలలో ప్రతిరోజూ ఎవరో ఒకరు, వైద్యులో మందుల దుకాణంవారో బంధువులో, మంచి మనసుతోనే చేస్తున్నారని నా నమ్మకం.

నా అభిప్రాయం ఒక్క మాటలో ఇది. మోకాలు మార్చిన తరువాత గాయం తడిగా ఉన్నా, తగ్గిన నొప్పి తిరిగి వచ్చినా, శస్త్రచికిత్స చేసిన వైద్యుడు చూడకముందు, కీలులోని నీరు పరీక్షకు తీయకముందు, ఒక్క యాంటీబయాటిక్ మాత్ర కూడ నోట వేసుకోరాదు.

పాచి పట్టిన తొట్టె

మామూలు చీముగడ్డకు పనిచేసే మందు ఇక్కడ ఎందుకు పనిచేయదో ముందుగా తెలుసుకోవాలి.

కృత్రిమ మోకాలిలో తొడ ఎముక చివర సాధారణంగా కోబాల్టు క్రోమియం లోహపు తొడుగు, కాలి ఎముక పైన ఒక లోహపు పళ్ళెం, రెంటి నడుమ పాలిథిలీన్ అనే గట్టి ప్లాస్టిక్ దిండు ఉంటాయి. లోహాన్ని ఎముకకు చాలావరకు ఎముకల సిమెంటుతో అతికిస్తారు. మన కండకు, చర్మానికి రక్తం ప్రవహిస్తుంది. ఆ రక్తంతోబాటు తెల్లకణాలు, మందులు చేరుతాయి. లోహానికి రక్తనాళాలు లేవు. అక్కడకు చేరిన సూక్ష్మజీవులు దాని ఉపరితలానికి అంటుకొని, తమ చుట్టూ ఒక జిగురు పొరను అల్లుకుంటాయి. దీనినే బయోఫిల్మ్ అంటారు. ఆ పొరలో అవి మందకొడిగా, దాదాపు నిద్రపోతున్నట్లు జీవిస్తాయి. పెరుగుతున్న సూక్ష్మజీవులనే ఎక్కువగా చంపగల మందులు వీటిని సరిగా తాకలేవు. రక్తంలో తిరిగే సూక్ష్మజీవిని చంపే మోతాదుకు వందల రెట్లు ఇచ్చినా పొరలోనివి బతికిపోవచ్చు.

మన పెరట్లోని నీళ్ళ తొట్టెను తలచుకోండి. పాచి పట్టిన తొట్టెలో నీళ్ళు మార్చితే ఒక రోజు తేటగా కనబడుతుంది, పాచి మాత్రం పోదు. పాచి లేతగా ఉన్నప్పుడు కొబ్బరిపీచు పెట్టి తోమితే పోతుంది. ఏళ్ళ తరబడి ముదిరితే తొట్టెనే మార్చుకోవాలి. ఉత్త యాంటీబయాటిక్ మాత్రలు నీళ్ళు మార్చటం వంటివి. కీలును తెరిచి కడగటం తోమటం వంటిది. కీలును తీసివేసి కొత్తది పెట్టటం తొట్టెను మార్చటం వంటిది. వీటిలో మనకు ఏది దక్కుతుందో నిర్ణయించేది చాలావరకు కాలమే.

ఏది మామూలు, ఏది కాదు

మోకాలు మార్చిన తరువాత కొన్ని నెలలపాటు కీలు కొంత వెచ్చగా, కొంత వాచి ఉండటం సహజం. దానికి భయపడనక్కరలేదు. ఈ కింది వాటిని మాత్రం తేలికగా తీసుకోవద్దు. ఇంటికి వచ్చిన తరువాత కూడ గాయం నుండి తడి ఊరటం. గాయం అంచులు విడిపోవటం, చుట్టూ ఎరుపు రోజురోజుకూ వ్యాపించటం. తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్ళీ పెరగటం. నడవనప్పుడు, రాత్రివేళ కూడ నొప్పి ఉండటం. మచ్చ దగ్గర కురుపు లేవటం. జ్వరం ఉండి తీరాలని లేదు. మా అక్కయ్యకు ఒక్కరోజు కూడ జ్వరం రాలేదు.

చీము ఎప్పుడైనా పట్టవచ్చు. మొదటి మూడు నెలలలో వచ్చేది సాధారణంగా శస్త్రచికిత్స సమయంలోనో గాయం మానే రోజులలోనో చేరిన సూక్ష్మజీవుల వలన వస్తుంది. మూడు నెలల తరువాత, రెండేళ్ళ లోపల నెమ్మదిగా బయటపడేది సాధారణంగా మన చర్మం మీద నివసించే బలహీనమైన స్టెఫిలోకాకస్ జాతుల పని. ఇది నొప్పితోనే సరిపెడుతుంది, కీలు వదులైనదేమో అనిపిస్తుంది. ఆ తరువాత ఏళ్ళకు వచ్చేది తరచు రక్తం ద్వారా వస్తుంది. కాలి పగుళ్ళలో చేరిన చీము, పంటి గడ్డ, మూత్రాశయపు ఇన్ఫెక్షన్ వంటివి మూలం కావచ్చు. అందుచేత పదేళ్ళు హాయిగా నడిచిన మోకాలు ఒక రాత్రి హఠాత్తుగా వాచి, కాలు కదపలేని స్థితి వస్తే, తెల్లవారేవరకు ఆగవద్దు.

పరీక్షను మందు చెరుపుతుంది

వైద్యులు మొదట ఈఎస్ఆర్, సీఆర్పీ అనే రక్తపరీక్షలు చేయిస్తారు. ఏ శస్త్రచికిత్స తరువాతనైనా సీఆర్పీ పెరుగుతుంది. రెండు మూడు రోజులలో శిఖరానికి చేరి, కొన్ని వారాలలో మామూలు స్థాయికి దిగుతుంది. దిగినది మళ్ళీ ఎక్కితే అనుమానించాలి. అయితే ఈ పరీక్షలు దారి చూపేవే గాని తీర్పు చెప్పేవి కావు. అసలైన సాక్ష్యం కీలులోని నీరు. శుభ్రమైన పద్ధతిలో సూదితో ఆ నీటిని తీసి, అందులో తెల్లకణాలు ఎన్ని ఉన్నవో లెక్కిస్తారు, సూక్ష్మజీవులను పెంచి చూస్తారు. నెమ్మదిగా పెరిగే జాతుల కోసం రెండు వారాల వరకు కనిపెట్టవలసి వస్తుంది. కారుతున్న రంధ్రం పైనుండి దూదితో తీసిన నమూనా తరచు తప్పుదారి పట్టిస్తుంది. అది చర్మం మీది సూక్ష్మజీవుల కథ చెబుతుంది గాని కీలు లోపలి కథ చెప్పదు.

నాలుగు మాత్రలు మింగి వెళ్ళినవారి కీలు నీటిలో సూక్ష్మజీవులు పెరగకపోవచ్చు. పెరగలేదంటే లేవని అర్థం కాదు, ఉన్నది ఏ జాతో తెలియదని అర్థం. జాతి తెలియకపోతే ఏ మందు వాడాలో తెలియదు. అందుకే ప్రమాదస్థితి లేనప్పుడు, కనీసం రెండు వారాలు యాంటీబయాటిక్ మానిపించి ఆ తరువాత నీరు తీస్తారు. మా అక్కయ్య విషయంలో మొదటి పరీక్షలో ఏమీ పెరగలేదు. నేనిచ్చిన మాత్రలు, ఊరివారు ఇచ్చిన మాత్రలు కలిసి నేరస్థుణ్ణి దాచిపెట్టాయి. మూడు వారాల విలువైన కాలం అలా పోయింది.

ఒక మినహాయింపు ఉంది. వణుకుతో జ్వరం, రక్తపోటు పడిపోవటం, మాట తడబడటం ఉంటే అది ప్రాణం మీదికి వచ్చిన స్థితి. అప్పుడు ఆసుపత్రిలో నమూనాలు తీసి వెనువెంటనే మందు మొదలుపెడతారు. అది కూడ ఆసుపత్రిలోనే, ఫోనులో కాదు.

చికిత్సలో మూడు దారులు

మొదటి దారి, కీలును నిలుపుకొంటూ కడగటం. మోకాలిని తిరిగి తెరిచి, చెడిన కణజాలాన్ని తొలగించి, ఎక్కువ నీటితో కడిగి, నడుమ ఉన్న ప్లాస్టిక్ దిండును మార్చుతారు. లోహపు భాగాలు అలాగే ఉంటాయి. ఇది సాధారణంగా శస్త్రచికిత్స జరిగిన మొదటి కొద్ది వారాలలో, లేదా రక్తం ద్వారా హఠాత్తుగా వచ్చిన ఇన్ఫెక్షన్ అయితే లక్షణాలు మొదలైన మూడు వారాల లోపల ఫలిస్తుంది. కీలు గట్టిగా అతుక్కొని ఉండాలి. చర్మానికి రంధ్రం పడి ఉండకూడదు. అందరిలోనూ ఫలిస్తుందని చెప్పలేము, అయినా మిగిలిన దారులకంటె ఇది తేలిక.

రెండవ దారి, ఒకే విడతలో పాత కీలు తీసి కొత్తది పెట్టటం. జర్మనీలోని హాంబర్గు నగరంలో బుక్‌హోల్జ్ అనే శస్త్రవైద్యుడు, సిమెంటులోనే జెంటమైసిన్ మందు కలిపే పద్ధతితో ఈ మార్గానికి ప్రాచుర్యం కల్పించాడు. సూక్ష్మజీవి ఏదో ముందే తెలిసి, చర్మం, ఎముక బాగున్నవారికి ఇది సరిపోతుంది.

మూడవది రెండు విడతల దారి. మొదటి విడతలో కీలును, సిమెంటును పూర్తిగా తొలగించి, ఆ స్థానంలో యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు దిమ్మను తాత్కాలికంగా ఉంచుతారు. కొన్ని వారాలు మందులు ఇచ్చి, ఇన్ఫెక్షన్ చల్లారిందని తేలిన తరువాత రెండవ విడతలో కొత్త కీలు పెడతారు. ముదిరిన ఇన్ఫెక్షన్‌కు ఇది చాలాచోట్ల అనుసరించే పద్ధతి. నడుమనున్న నెలలు రోగికి నరకం. ఇవేవీ ఫలించకపోతే కీలును కదలకుండా అతికించివేయటం, జీవితాంతం మందు వాడటం, మరీ అరుదుగా తొడ దగ్గర కాలు తీసివేయటం మిగులుతాయి.

మందుల విషయంలో రెండు మాటలు. స్టెఫిలోకాకస్ జాతికి, ముఖ్యంగా లోహం లోపలే ఉంచినప్పుడు, రిఫాంపిసిన్ తోడు ఇవ్వటం చాలామంది నిపుణుల పద్ధతి. అది జిగురు పొరలోకి చొచ్చుకుపోగలదు. ఇది క్షయవ్యాధికి వాడే మందే. మూత్రం ఎర్రబడుతుంది. చీటీలో ఆ పేరు చూసి “మాకు టీబీ వచ్చిందా” అని కుంగిపోయినవారిని చూశాను. అలా కాదు. అయితే దీనిని ఒంటరిగా వాడితే సూక్ష్మజీవులు త్వరగా లొంగకుండా పోతాయి. మధ్యలో ఒక మందు మానివేసి మరొకటి కొనసాగించవద్దు.

రెండవది, ఎంతకాలం అన్న ప్రశ్న. ఫ్రాన్సులో జరిపి 2021లో వెలువరించిన ఒక పరిశోధనలో, కృత్రిమ కీళ్ళ ఇన్ఫెక్షన్‌కు శస్త్రచికిత్స తరువాత ఆరు వారాలు మందు వాడినవారిలో సుమారు 18 శాతం మందికి, పన్నెండు వారాలు వాడినవారిలో సుమారు 9 శాతం మందికి ఇన్ఫెక్షన్ నిలిచిపోయింది. ఐదు రోజుల మాత్రలతో ఆరిపోతుందన్న నా మాట ఎంత అజ్ఞానమో మీరే గ్రహించండి.

మాత్ర స్వయంగా చెడ్డది కాదు. బ్రిటన్‌లో వెయ్యిమందికి పైగా రోగులపై జరిపి 2019లో ప్రకటించిన పరిశోధనలో, ఎముకలకు, కీళ్ళకు వచ్చిన ఇన్ఫెక్షన్లలో మొదటి ఆరు వారాలు నోటి మాత్రలు ఇచ్చినవారి ఫలితాలు నరంలోకి మందు ఎక్కించినవారికంటె తీసిపోలేదు. కాని ఆ మాత్రలు నిపుణులు ఎంచి, పర్యవేక్షణలో ఇచ్చినవి. అవసరమైనవారికి శస్త్రచికిత్సతో కలిపి ఇచ్చినవి. చికిత్సలో భాగమైన మాత్ర వేరు, చికిత్సకు బదులుగా మింగే మాత్ర వేరు.

అభ్యంతరాలకు నా సమాధానం

ఈ మాటలు చెప్పినప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసే యువవైద్యులు నన్ను అడుగుతారు: “కట్టు కొంచెం తడిసిన ప్రతివారినీ నగరానికి తరిమితే ఎలాగండీ? పది మందిలో చాలామందికి లోపల ఏమీ ఉండదు కదా.” నిజమే. చాలామందికి ఏమీ ఉండదు. కాని ఉట్టి ప్రయాణానికి పోయేది ఒక రోజు, కారు కిరాయి. తప్పిపోయిన ఇన్ఫెక్షన్‌కు పోయేది ఒక సంవత్సరం, ఒక్కొక్కసారి కాలు. ఈ రెండింటినీ ఒకే త్రాసులో పెట్టలేము. మీరు గాయం చూడండి, రక్తపరీక్షలకు పంపండి, శస్త్రచికిత్స చేసిన వైద్యునికి స్వయంగా ఫోను చేయండి. మందు మాత్రం మొదలుపెట్టకండి.

శస్త్రవైద్య మిత్రులకు ఒక మనవి. ఎంత మంచి చేతులలోనైనా నూటికి ఒకరికో ఇద్దరికో ఈ ఇన్ఫెక్షన్ వస్తుంది. రావటం మీ అపకీర్తి కాదు. “పైపైన ఉన్నదే, తగ్గిపోతుంది” అని నాలుగు వారాలు నెట్టుకురావటమే అపకీర్తి. ఇంగ్లండులో తుంటి కీలు మార్పిడికి ఆద్యుడైన జాన్ చార్న్‌లీ, తన రోగులలో దాదాపు 7 శాతంగా ఉన్న ఇన్ఫెక్షన్‌ను దాచుకోలేదు. శస్త్రచికిత్స గదిలోని గాలిని శుభ్రపరచటం వంటి మార్పులతో ఒక శాతానికి లోపలకు దించాడు. లెక్క బయటపెట్టినవాడే లెక్కను తగ్గించగలిగాడు.

ఇక డబ్బు సంగతి. 2017 ఆగస్టులో కేంద్రప్రభుత్వ ధరల నియంత్రణ సంస్థ మోకాలి కీళ్ళకు గరిష్ఠ ధరలు నిర్ణయించింది. సాధారణ కోబాల్టు క్రోమియం కీలుకు పన్ను కాక 54,720 రూపాయలు. అదే తీసివేసి మళ్ళీ పెట్టవలసి వచ్చినప్పుడు వాడే కీలుకు 1,13,950 రూపాయలు. అంటే వస్తువు ధరే రెట్టింపు. దానికి రెండు శస్త్రచికిత్సలు, వారాల తరబడి మందులు, గది అద్దె తోడవుతాయి. మొదటి శస్త్రచికిత్సకే అప్పు చేసిన కుటుంబం ఈ ఖర్చుకు భయపడి తడి కట్టును కొంగుతో కప్పుకుంటుంది. అందుచేత మొదటి మూడు నెలలలో ఇన్ఫెక్షన్ వస్తే కడిగే శస్త్రచికిత్స ఖర్చును మొదటి ప్యాకేజీలోనే చేర్చాలని నేను కోరుతున్నాను. “అలా చేస్తే మధుమేహం ఉన్నవారిని, స్థూలకాయులను ఆసుపత్రులు తిప్పి పంపుతాయి” అని కొందరంటారు. ఆ భయం కొట్టివేయదగినది కాదు. కాని నూరుమందిలో ఒకరిద్దరి ఖర్చును నూరుమందికీ పంచితే ఒక్కొక్కరిపై పడే భారం స్వల్పం. ఆ స్వల్పభారంతో, ఖర్చుకు జడిసి ఇంట్లో కూర్చునేవారు సకాలంలో వస్తారు.

మీరు ముందుగా చేయగలవి

మోకాలి మార్పిడి అత్యవసర శస్త్రచికిత్స కాదు. నెల, రెండు నెలలు ఆగితే మునిగిపోయేది లేదు. మధుమేహం ఉంటే అదుపులోకి తెచ్చుకోండి. పుచ్చిన పళ్ళకు చికిత్స చేయించుకోండి. కాలి పగుళ్ళు, వేళ్ళ సందులలో ఒరుపులు, చర్మంపై పుండ్లు మానిన తరువాతే వెళ్ళండి. పొగ మానండి. మోకాలిలో స్టీరాయిడ్ సూది వేయించుకొని ఉంటే ఆ సంగతి దాచవద్దు. ఆ తరువాత కనీసం మూడు నెలలు ఆగటం మంచిది. పసరులు, పిండికట్లు గాయం మీద వేయవద్దు.

చివర చెబుతానన్న మాట మిగిలింది. మా అక్కయ్యకు రెండు విడతల శస్త్రచికిత్స జరిగింది. మొదటి శస్త్రచికిత్స నాటినుండి లెక్కిస్తే పదకొండు నెలలకు ఆమె తిరిగి తన ఇంటి మెట్లు దిగింది. ఇప్పుడు చేతికర్రతో గుడివరకు వెళ్ళి వస్తుంది. మోకాలు సగమే వంగుతుంది, పీట మీద కూర్చోలేదు. ఆ పన్నెండవ రోజున నేను “ఇవాళే కారు మాట్లాడు” అని ఉంటే కీలు నిలిచేదా? తప్పక నిలిచేదని చెప్పలేను. నిలిచే అవకాశం ఆనాడు ఉంది, రెండు నెలల తరువాత లేదు. ఆ అవకాశాన్ని నా మాట తీసివేసింది. ఆమె నన్ను ఒక్కనాడూ నిందించలేదు. “నీ మాత్రకు ఆరిందిరా, పాడు కాలం వచ్చి మళ్ళీ కారింది” అనే ఇప్పటికీ అంటుంది. నాకు మాత్రం అసలు సంగతి తెలుసు.

మీ ఇంట్లో మోకాలు మార్పించుకున్నవారు, లేదా మార్పించుకోబోతున్నవారు ఉంటే, డిశ్చార్జి కాగితం వెనుక శస్త్రచికిత్స చేసిన ఆసుపత్రి ఫోను నంబరు పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. దాని కింద ఈ వాక్యం రాయండి: “తడి కనిపించినా, తగ్గిన నొప్పి తిరిగి వచ్చినా, మాత్ర వేసుకోకుండా ఆ రోజే బయలుదేరాలి.” మీ బంధువులలో ఎవరైనా వైద్యులు ఉండి, ఫోనులో మాత్ర పేరు చెప్పబోతే, వారికి కూడ ఆ వాక్యం చదివి వినిపించండి.